నైట్ డ్యూటీ చింత

రిసెప్షన్ బల్ల మీద, నల్లరాతి పళ్లెంల
మూరెడు కూడ లేని చెట్టు.
పన్నెండేండ్ల వయసట, ఈ లాబీకొచ్చి మూడేండ్లట.
మారిసెల్ చెప్పింది.
కంపెనీ లెక్కల్ల దాని పేరు
డెకరేషన్ ఐటెం నంబర్ నాలుగు.

యూనిఫాం తొడుక్కున్న మొదటి నెల
నేను దాన్ని చూడనేలేదు.
చూడవలసినయి వేరే ఉండె:
పదహారు కెమెరాలు, రెండు లిఫ్టులు,
రాత్రి రెండింటికి పార్కింగుల హారన్ కొట్టేటోళ్లు.

ఆకులు రాలి గచ్చు మీద పడ్డప్పుడు
క్లీనర్ల కన్న ముందు వంగి తీసిన.
సన్నటి ఈనె, రెండు దిక్కుల వరుసపెట్టిన రెబ్బలు.
పంటి కింద పెట్టి కొరికిన.
పులుపు.
నాలుక గుర్తుపట్టినంత తొందరగ
కండ్లు గుర్తుపట్టలె.
సీఫ్ ఏరియాల, ఇన్సూరెన్స్ ఆఫీసు చలువరాళ్ల మీద,
చింత.

ఆ రాత్రి దాని పక్కనే నిలబడ్డ.
కొమ్మకు రాగి తీగ చుట్టి ఉన్నది.
చుట్టినోడు తీసుడు మర్చిపోయిండు.
బెరడు తీగను మింగుతున్నది,
వేలు లావై ఉంగరం ఇరికినట్టు.
మన్ను మీద తెల్లగ ఉప్పు పేరుకున్నది,
సముద్రాన్ని వడగట్టి తెచ్చిన నల్లా నీళ్లాయె.
సరిగ్గ నెత్తి మీద ఏసీ గాలి.
అద్దానికి అవతల నలభై ఆరు డిగ్రీలు,
ఇవతల నేను స్వెట్టర్ల.
గోటితోని కాండాన్ని గీరి చూసిన.
పచ్చ.
దారమంతనే, కానీ పచ్చ.

తీగను కట్టర్ తోని ముక్కముక్కలు కత్తిరించిన,
విప్పబోతే బెరడు లేస్తది.
ఏసీ పైపు కింద బకెట్ పెట్టిన.
మిషన్ల చెమట, ఉప్పు లేని నీళ్లు.
ఈ దేశంల ఏడాదికి పట్టుమని పదిసార్లు పడని వాన
మా బేస్‌మెంట్ల రోజూ పడుతది,
చుక్క చుక్క, తుప్పు వాసనతోని.
ఖిమ్రాజ్ నవ్విండు:
"దానికి నువ్వు జీతమిస్తున్నవా, అది నీకిస్తున్నదా?"

నెల గడిచింది. రాలుడు ఆగలె.

అప్పుడు సమజైంది, నడిజామున, మూడో రౌండ్ల:
అది నిద్రపోతలేదు.

పొద్దుగూకితే చింతాకు ముడుచుకోవాలె,
మా అక్క తునికాకు మడిచినట్టు, రెబ్బ మీద రెబ్బ.
ఈ లాబీల పొద్దు గూకదు.
అరవై నాలుగు లైట్లు,
స్విచ్ ఎక్కడున్నదో మేనేజర్‌కే తెల్వదు.
మూడేండ్ల రాత్రులు దానికి బాకీ.

ఆ బాకీ నాకెరుకే.
తూబ్లీ క్యాంపుల పొద్దంత పండుకుంట నేను,
కిటికీకి నల్లకవరు అంటించి, కండ్ల మీద తువ్వాల వేసి,
పైమంచం రఫీఖుల్ ఫోన్ల బిడ్డను బుదగరిస్తుంటే
వినపడనట్టు అటు తిరిగి.
నా ఒంట్లె పొద్దుకు, గోడ మీది గడియారానికి
రెండేండ్ల సంది మాటల్లెవ్.

డ్యూటీ ఎక్కంగనే అట్టడబ్బా బోర్లిస్తున్న దాని మీద.
కొత్త ప్రింటర్ వచ్చిన డబ్బా, గాలికి రెండు తూట్లు.
రాత్రి ఏడు నుంచి తెల్లారి ఐదు దాక
బహ్రెయిన్ల ఒక అడుగు వెడల్పు చీకటి.
లాగ్ బుక్కుల ఏం రాయాలె?
ఏడింటికి రాత్రి చేసిన, అని రాస్తరా?
అంతా ఓకే, అని రాసిన.

పద్దెనిమిదో రోజు డబ్బా ఎత్తితే
ఆకులు ముడుచుకొని ఉన్నయి.
అన్నీ కాదు. ఎడమ కొమ్మ పోయినట్టే, దాని ఆశ లేదు.
కుడి దిక్కు, తీగ మచ్చకు కొంచెం పైన
ఎర్రటి మొన ఒకటి, కోడిపిల్ల ముక్కంత.
చిగురు.
నోట్లె నీళ్లూరినయి, దాచుడెందుకు.
పప్పుల ఉడికే వాసన కూడ వచ్చింది.
చెయ్యి పోయింది.
పోయిన చెయ్యిని జేబుల పెట్టుకున్న.

మారిసెల్ వచ్చే యాల్లకు డబ్బా మెట్ల కింద దాచిన.
అద్దంలకెల్లి ఎండొచ్చి పళ్లెం మీద పడ్డది.
రెబ్బలు ఒక్కొక్కటే విచ్చుకుంటుంటె
నేను క్యాంపు బస్సు కోసం ఉరికిన.
నాకు రాత్రయితున్నది.